మా అవ్వకు రిటైర్‌మెంట్ లేదు

పాకాల దగ్గర మెట్టపొలాల పల్లె మాది. అక్కడ ఎవరూ ఒక రోజు పొద్దున లేచి ముసలివాళ్ళు అయిపోయేవాళ్ళు కాదు. వయసును బట్టి పని మెల్లగా మారుతూ వచ్చేది. వయసులో ఉన్న మగవాళ్ళు మడక దున్నేవాళ్ళు, బావి నీళ్ళు ఎద్దులతో తోడే కపిల తోలేవాళ్ళు. నడుము కాస్త బిగుసుకున్నాక కయ్యలకు నీళ్ళు కట్టడం, ఎద్దుల మేత చూసుకోవడం. ఇంకా పెద్దవాళ్ళయితే ఆవులను గుట్టకు తోలుకుపోయి పొద్దుగూకే వేళకు మళ్ళించుకు రావడం. ఆడవాళ్ళకూ అంతే. నాట్లు, కలుపు, చెనక్కాయలు (వేరుశనగ) పెరకడం ఒక వయసు పని. కాళ్ళు సన్నగిల్లాక ఇంటి దగ్గర విసరడం, దంచడం. మరీ పెద్దవాళ్ళకు విత్తనాల చెనక్కాయలు ఒలవడం, చింతపండు కొట్టి గింజలు తీయడం, మిద్దె మీద ఆరబోసిన వడ్లకు కాపలా. కాపలా అంటే ఒకచోట కూర్చోవడం అనుకునేరు. మొదట రాతిమెట్లు ఎక్కి మిద్దె మీదికి పోవాలి. ఎండ తిరిగేకొద్దీ ఆ వడ్లన్నీ కాళ్ళతో తిరగదోస్తూ ఉండాలి, కాకుల్ని అదిలించాలి, మబ్బు పడితే గబగబా కుప్ప చేయాలి. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, చివరిదాకా చేసిన ఉద్యోగం అదే.

నాకు మాత్రం ముసలితనం ఒక సాయంత్రం శాలువాతో పాటు వచ్చేసింది. 2018లో అరవై నిండాయి. స్కూల్లో దండ వేశారు, మెమెంటో ఇచ్చారు, మాట్లాడిన ప్రతివాళ్ళూ "ఇంక హాయిగా రెస్ట్ తీసుకోండి మేడమ్" అన్నారు. మూడు దశాబ్దాలకు పైగా బోర్డు దగ్గర నిలబడి లెక్కలు చెప్పిన కాళ్ళను మర్నాటి నుంచి సోఫా మీద పెట్టుకోమన్నారు. ఇంట్లోనూ అదే పాట. చీపురు పట్టుకుంటే "పనమ్మాయి ఉంది కదమ్మా". కూరగాయలకు బయలుదేరితే "ఆన్‌లైన్లో పెట్టేశాను, ఇంటికొస్తాయి". కోడలు మంచిది, కొడుకు మంచివాడు. వాళ్ళ ప్రేమంతా నన్ను కూర్చోబెట్టడంలోనే చూపించారు. పెద్దవాళ్ళను గౌరవించడమంటే కుర్చీ వేయడమే అని మనకు ఎప్పుడు స్థిరపడిందో గానీ, మా పల్లెలో అవ్వను "నువ్వు కూర్చో" అని ఎవరైనా అంటే ఆమెకు కోపం వచ్చేది. "ఏం, నేను చచ్చినానా?" అని అడిగేది.

మా అవ్వ రోజు ఎట్లా ఉండేదో చెప్పాలి. కోడి కూయక ముందే లేచేది. పశువుల కొట్టం ఊడ్చి, పేడకళ్ళు ఎత్తి, కల్లాపి చల్లి, బావి నుంచి నీళ్ళు తెచ్చేది. నేను పుట్టేనాటికే ఆమె బిందెలు మోయడం తగ్గించి చిన్న కడవకు దిగింది. తర్వాత ఆ కడవ చెంబయింది గానీ బావికి పోవడం మానలేదు. వారానికి రెండుసార్లు రాగులు విసిరేది. నేల మీద ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి, తిరగలి ముందు కూర్చునేది. కుడిచేత్తో కాసేపు, ఎడమచేత్తో కాసేపు. మధ్యలో ఊరి సంగతులన్నీ. ఎవరి పెళ్ళి చెడిందో, ఎవరి ఆవు ఈనిందో ఆ తిరగలి దగ్గరే తెలిసేది. భుజాలు, నడుము, తొడలు, అన్నిటికీ పని.

సంగటి వండడం ఇంకో వ్యాయామం. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి కాసేపు మగ్గనిచ్చి, కుండ దించి రెండు పాదాల మధ్య ఇరికించి తెడ్డుతో కెలికేవాళ్ళు. ఉండ కట్టకుండా కెలకాలంటే చేతిలో సత్తువ ఉండాలి. మా పిన్నమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె సంగటిలో పిండి ఉండలు తగిలితే తాత ఏమీ అనలేదు, ఆ ఉండలన్నీ ఏరి తట్ట (అన్నం తినే పళ్ళెం) అంచున వరసగా పేర్చాడు. ఇప్పటికీ ఆమె దగ్గర ఆ మాట ఎత్తితే నవ్వదు.

ముద్దలోకి ఏమిటంటే, కాలాన్ని బట్టి. ఊరిబిండి ఏ రోజైనా ఉండేది, చెనిగింజలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరింది. గట్ల మీద దొరికే ఆకులు కలిపి కందిపప్పుతో ఎనిపేవాళ్ళు, అంటే మెత్తగా మెదిపేవాళ్ళు. ఉలవలు ఎద్దులకు ఉడకేస్తే ఆ నీళ్ళు మాకు చారు. చలికాలంలో అనపకాయలు. నానబెట్టిన అనపగింజలను వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పప్పు బయటికి దూకుతుంది, పొట్టు చేతిలో ఉండిపోతుంది. ఆ పితికిపప్పు పులుసు కాగుతుంటే వీధంతా వాసన. రాత్రి మిగిలిన సంగటి నీళ్ళలో వేసి పెట్టి, పొద్దున మజ్జిగ పోసి పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగేవాళ్ళం.

రాత్రి భోజనం చీకటి పడకముందే అయిపోయేది. ఇందులో ఆరోగ్య సూత్రం ఏమీ లేదు, కిరసనాయిలు ఖర్చు. దీపం వెలిగించి అన్నాలు పెట్టడం దండగ అనేది అవ్వ. అట్లా సాయంత్రం ఆరున్నరకు తిన్నవాళ్ళం మళ్ళీ పొద్దున పనులయ్యాకే నోట్లో ఏదైనా పెట్టేది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు దీన్నే ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అని యాప్ పెట్టుకుని చేస్తున్నారు. చేయనీండి, మంచిదే. వాళ్ళ అమ్మానాన్నలు మాత్రం సీరియల్ అయ్యాక తొమ్మిదిన్నరకు తిని, పదింటికి పడుకుంటున్నారు.

ఇంతవరకు చదివి "అబ్బ, ఆ రోజులే వేరు" అనుకుంటారేమో. ఆగండి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు చివర తినేవాళ్ళు. పులుసులో ముక్కలన్నీ మగవాళ్ళ తట్టల్లోకి, పిల్లల తట్టల్లోకి పోయాక అడుగున మిగిలిన నీళ్ళు అవ్వకు. ఇంట్లో రెండు ఆవులున్నా పాలు అమ్ముకోవడానికే, ఆమెకు మజ్జిగ తేట. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె వెన్ను ముందుకు వంగిపోయింది. అందరం వయసు అనుకున్నాం. ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు నలిగితే మనిషి అట్లా వంగిపోతారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా వయసు ఆడవాళ్ళకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది అటూ ఇటూ. ఆ రాగులే లేకపోయి ఉంటే అవ్వ ఇంకెంత ముందు వంగిపోయేదో.

ఆ సంస్థ సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక చిన్న గదిలో మొదలైంది. 1958లో హైదరాబాదుకు మారింది, సరిగ్గా నేను పుట్టిన ఏడు. బెరిబెరి ఎక్కువగా పాలిష్ బియ్యం మీదే బతికేవాళ్ళకు వచ్చే జబ్బు. మా ఊరికి ఆ బియ్యం బాగా వచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల పథకం తెచ్చాక, అంటే 1983 తర్వాత. అంతకుముందు మాకు వరి అన్నమంటే పండగకో, చుట్టాలొస్తేనో. రోజూ అన్నం తినేవాళ్ళంటే కలిగినవాళ్ళని అర్థం. అందుకే ఆ బియ్యం మీద నాకు కోపం లేదు. కూలికి పోయే ఇళ్ళల్లో కూడా తెల్లటి అన్నం ఉడికిన రోజులవి, ఆ సంతోషం నేను కళ్ళారా చూశాను. అయితే అదే కాలంలో కపిల పోయి కరెంటు మోటారు వచ్చింది. తిరగలి పోయి మిల్లు వచ్చింది, రోలు పోయి మిక్సీ వచ్చింది. వంటికి పని సగమైంది, తట్టలో అన్నం మాత్రం సంగటి ముద్ద ఎత్తునే నిలబడింది. మా అమ్మకు యాభై దాటగానే షుగరు బయటపడింది. వాళ్ళ తరంలో మా వీధిలో చాలామందికి అదే కథ.

ఇప్పుడు మళ్ళీ రాగుల మోజు. తిరుపతిలో రాగి సంగటి బోర్డు లేని హోటలు తక్కువ. నా స్నేహితురాలు ఒకామె షుగరుకు మంచిదని మధ్యాహ్నం పెద్ద ముద్ద, రాత్రి ఇంకో ముద్ద లాగిస్తోంది. రాగుల్లోనూ మూడింట రెండు వంతులు పిండి పదార్థమే కదా, ముద్ద పెద్దదైతే షుగరు పెరగకుండా ఎక్కడికి పోతుంది? అవ్వ ముద్ద వెనక తిరగలి ఉంది, బావి ఉంది, మిద్దె మెట్లున్నాయి. మన ముద్ద వెనక లిఫ్టు ఉంది. నా తట్టలో ఇప్పుడు ముద్ద నిమ్మకాయకు పెద్ద, నారింజకు చిన్న. పక్కన ఎనిపిన ఆకుకూర మాత్రం అవ్వ చూసినా "ఇంతెందుకు మే" అనేంత.

తాత సంగతి వేరు. తాత మనిషి గట్టి. డెబ్బై దాటాక కూడా గెనాల మీద, అంటే పొలం గట్ల మీద, నాకంటే వేగంగా నడిచేవాడు. ఒక రాత్రి లేచి బయటికి పోతూ కొట్టం దగ్గర జారి పడ్డాడు. తుంటి ఎముక. అప్పట్లో మా వైపు ఎముక విరిగిందంటే అందరి నోటా వచ్చే పేరు పుత్తూరు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి కట్టే ఆ కట్టుకు మద్రాసు నుంచి కూడా వచ్చేవాళ్ళు. అవ్వకు మణికట్టు విరిగినప్పుడు ఆ కట్టుతోనే అతికింది, కాస్త వంకర మిగిలింది, అంతే. తుంటి ఎముక అట్లాంటి కట్టుకు లొంగేది కాదు. తాత మంచం పట్టాడు. ఎముక కంటే ముందు కండ కరిగిపోయింది. అంత లావు తొడలు వారాల్లోనే సన్నబడిపోవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. మళ్ళీ లేవలేదు. ఇప్పుడైతే వీలైనంత త్వరగా ఆపరేషన్ చేసి, ఒకటి రెండు రోజుల్లోనే పట్టుకుని నిలబెడుతున్నారు. టీటీడీ 1985లో మొదలుపెట్టిన బర్డ్ ఆస్పత్రి ఈ ఎముకల వైద్యానికే పేరుపడింది. తాత కాలానికి ఆ వసతి లేదు.

ముప్పై దాటాక పదేళ్ళకోసారి మన కండలో నూటికి మూడు నుంచి ఎనిమిది వంతులు తగ్గుతూ పోతుందని, అరవై దాటితే ఆ తరుగుదల ఇంకా పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. ఈ లెక్క విన్నప్పుడల్లా నాకు తాత తొడలే గుర్తొస్తాయి. నడక ఒక్కటే సరిపోదని నేను వాదించేది కూడా అందుకే. మా వాకింగ్ బృందంలో నాకు గొడవలమారి అని పేరు.

బృందం అంటే పెద్దదేమీ కాదు. రిటైరైన టీచర్లం, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఆర్టీసీ కండక్టర్ గారు, వాళ్ళ ఆవిడ. పొద్దున యూనివర్సిటీ ఆవరణలో నడుస్తాం. 1954లో పెట్టిన యూనివర్సిటీ కదా, చెట్లు బాగా ఎదిగాయి, ఎదురుగా శేషాచలం కొండ. నడిచేది ముప్పావు గంట, అందులో మాటలకు ఆగిపోయేది పావుగంట. ఆ తర్వాత టిఫిన్ సెంటర్. అక్కడ గారెలు, నెయ్యి దోసె, చక్కెర వేసిన కాఫీ. నడిచి కరిగించింది ఎంతో, ఎక్కించింది ఎంతో లెక్కలు చెప్పబోతే కండక్టర్ గారు "మేడమ్, మీరు రిటైర్ అయ్యారు" అని గుర్తుచేస్తారు.

బ్యాంకు ఆయన చేతికి స్మార్ట్‌వాచీ. పదివేల అడుగులు పూర్తి కాకపోతే ఇంటి ముందు అటూ ఇటూ తిరిగి లెక్క సరిచేసుకుంటాడు. ఆ పదివేలు ఏ డాక్టరూ తేల్చిన లెక్క కాదు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కించే మీటరు అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చిందని నేను చెబితే, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో అడుగుల మాటే లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఒళ్ళు వేడెక్కే పని, రెండు రోజులైనా కండలకు బలమిచ్చే పని. అరవై అయిదు దాటినవాళ్ళు వీటితో పాటు వారంలో మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే అభ్యాసం కూడా చేయాలి. ఇది చదివినప్పుడు నాకు అవ్వ టైంటేబుల్ చదువుతున్నట్టే అనిపించింది. తిరగలి, కడవ, గెనెం మీద నడక.

బ్రెజిల్‌లో అరౌజో అనే డాక్టరు, ఆయన బృందం చేసిన పరీక్ష ఒకటుంది, అది నాకు భలే నచ్చింది, ఎందుకంటే అందులో మార్కులున్నాయి. నేల మీద కూర్చోవాలి, లేవాలి. కూర్చోవడానికి అయిదు మార్కులు, లేవడానికి అయిదు. చెయ్యి ఆనిస్తే ఒకటి పోతుంది, మోకాలు ఆనిస్తే ఇంకోటి, తూలితే అర. 51 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉన్న రెండు వేల మందికి ఈ పరీక్ష పెట్టి, తర్వాత కొన్నేళ్ళు గమనించి 2012లో ప్రకటించారు. మార్కులు బాగా తక్కువ వచ్చినవాళ్ళలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. మా అవ్వ చేత ఈ పరీక్ష రాయిస్తే ఎనభై ఏళ్ళప్పుడు కూడా తొమ్మిదికి తగ్గేది కాదు. ఒక చెయ్యి నేలకు ఆనించేది, "గోవిందా" అని లేచేది. నాకెన్ని వచ్చాయో చెప్పను. పక్కన మనిషి లేకుండా మాత్రం ఎవరూ ప్రయత్నించొద్దు, ముఖ్యంగా మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు.

మంచం, కుర్చీ, డైనింగ్ టేబుల్, వెస్ట్రన్ టాయిలెట్. ఇవి వచ్చాక మనం నేలను మరిచిపోయాం. మోకాళ్ళు అరిగినవాళ్ళకు అవన్నీ కావాలి, కాదనను. బాగున్నవాళ్ళు కూడా నేల మీద కూర్చోవడం మానేస్తే కొన్నాళ్ళకు కూర్చోవాలన్నా కూర్చోలేరు. నేను ఇప్పుడు కూరగాయలు తరగడం కత్తిపీటతో నేల మీదే. కోడలు మొదట్లో బాధపడింది, తర్వాత అలవాటైపోయింది. సాయంత్రం ఫిజియోథెరపిస్ట్ నేర్పినట్టు కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం. పళ్ళు తోముకునేటప్పుడు వాష్‌బేసిన్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. మనవరాలు చూసి కొంగ అంటుంది.

కొండెక్కడం గురించి చెప్పకుండా తిరుపతి మనిషి జ్ఞాపకాలు ఎట్లా రాస్తుంది? మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు నడక, లేదంటే డోలీ. అవ్వ తరానికి బస్సు వచ్చినా ఆమె దృష్టిలో బస్సులో పోతే మొక్కు చెల్లదు. మా తమ్ముడి పుట్టువెంట్రుకలకు పాకాలలో మీటర్‌గేజి రైలెక్కి తిరుపతిలో దిగాం. గోవిందరాజస్వామి గుడి చూసుకుని, సత్రంలో పడుకుని, తెల్లవారుజామున అలిపిరి. పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాం. 3550 మెట్లు. అప్పటికి అవ్వకు అరవై దాటాయి, చెప్పుల్లేవు. నేను, మా మామ కొడుకు ముందు పరుగెత్తాం. గాలిగోపురం చేరేలోపే నా పక్క పట్టేసింది. వెనక నుంచి అవ్వ ఒకే నడకతో వచ్చింది. ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ పైకి పోతున్న ఒకావిడతో మాట కలిపింది కూడా.

"ఆయాసం వచ్చినాక కూసుంటే లేయబుద్ధి కాదు పాపా. రాకముందే కూసోవల్ల" అంది.

ఆమె ఎక్కడెక్కడ కూర్చుందో నాకు గుర్తు. మండపం కనబడితే చాలు, ఒంట్లో ఓపిక ఉన్నా కూర్చునేది. ఒడిలోని మూట విప్పి గుప్పెడు బొరుగులు, నాలుగు చెనిగింజలు, బెల్లం ముక్క తలా కాస్త పెట్టేది. కడుపు నిండా పెట్టమంటే పెట్టేది కాదు. మోకాళ్ళ మెట్టు దగ్గర మెట్టు మెట్టుకూ మోకాలు ఆనించి ఎక్కింది, మమ్మల్ని కూడా ఎక్కించింది. పైకి చేరాక అందరూ కాళ్ళు చాపి పడిపోతే ఆమె కల్యాణకట్ట దగ్గర తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు బస్సు. దానికి ఆమె ఒప్పుకుంది, ఎక్కడమే మొక్కు, దిగడం కాదట. దిగేటప్పుడు కండ సాగుతూ బరువు మోస్తుంది కాబట్టి మర్నాడు నొప్పులు దానివల్లే ఎక్కువని మా ఫిజియోథెరపిస్ట్ చెప్పాడు. అవ్వ ఆ లెక్క మొక్కులోనే సర్దేసింది.

ఇప్పుడు మేం పోయేది శ్రీనివాసమంగాపురం వైపు నుంచి. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లే, దూరం కూడా తక్కువ. అయితే 2024లో టీటీడీ ఒక సూచన చేసింది. అరవై దాటినవాళ్ళు, షుగరు, బీపీ, ఆస్తమా, కీళ్ళ జబ్బులు ఉన్నవాళ్ళు నడకదారిన రావద్దని. పేపర్లో అది చూసి మా బృందం రెండు ముక్కలైంది. "మనల్ని ముసలివాళ్ళని చేసేశారు" అని కండక్టర్ గారు. "గుండె పట్టుకుని మెట్ల మీద పడిపోతున్నవాళ్ళను చూసే కదా చెప్పారు" అని వాళ్ళావిడ. నేను ఆవిడ వైపు. ఏడాదంతా సోఫాలో ఉండి, బ్రహ్మోత్సవాలప్పుడు భక్తి పొంగి ఒక్కసారిగా మెట్లెక్కేవాళ్ళకు ఆ సూచన చాలా అవసరం. నేను ఎక్కేముందు గుండె పరీక్ష చేయించుకుని డాక్టరును అడిగాను. "మాట్లాడుతూ ఎక్కగలిగినంత మెల్లగా ఎక్కండి, మాట తెగితే కూర్చోండి" అన్నాడు. అవ్వ మాటనే ఆయన ఫీజు తీసుకుని చెప్పాడు. బ్యాంకు ఆయనకు మాత్రం వద్దన్నాడు, మంచిపని. ఆయన బస్సులో పైకి వచ్చి మాకోసం కాఫీ ఫ్లాస్కుతో కాచుకుంటాడు.

తిరుపతిలో ఉంటూ షుగరుతో బతకడం ఒక పరీక్ష. ఊరి నుంచి ఎవరొచ్చినా దర్శనం చేసుకుని, పోతూ పోతూ మన చేతిలో లడ్డూ పెట్టి పోతారు. ఒక్కోటి దాదాపు 175 గ్రాములు. నెయ్యి, చక్కెర, జీడిపప్పు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కాబట్టి ఇంకెక్కడా దొరకదని సాకు ఒకటి. మా అమ్మ తన షుగరు మాత్ర లడ్డూతో పాటే మింగేది. "ప్రసాదం వద్దనకూడదు" అని కళ్ళు మూసుకుని దండం పెట్టి, కళ్ళు తెరిచేలోపు సగం అయిపోయేది. మేం తిడితే "స్వామి చూసుకుంటాడులే". స్వామి చూసుకున్నాడో లేదో గానీ డాక్టరు చూసుకున్నాడు, ఇన్సులిన్ దాకా వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు లడ్డూ రాగానే చిదిపేస్తాను. చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో, మిగతాది వాచ్‌మన్ పిల్లలకు, కింద ఇంటివాళ్ళకు. అరగంటలో గిన్నె ఖాళీ అయితేనే నాకు మనశ్శాంతి.

నేను అవ్వ కంటే బాగా చేస్తున్నది ఒక్కటే అనిపిస్తుంది. పప్పు. ఆమెకు అడుగున మిగిలింది దక్కేది, నాకు ముందే వడ్డించుకునే హక్కుంది. మా వయసువాళ్ళు పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి "లైట్‌గా" ఉప్మా అని చెబుతుంటే విసుగొస్తుంది. కండ నిలబడాలంటే మాంసకృత్తులు కావాలి. బరువులో కిలోకు కనీసం 0.83 గ్రాములని పోషకాహార సంస్థే చెబుతోంది, అంటే అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. చారన్నంలో అవి ఎక్కడున్నాయి? పళ్ళు పోయి నమలలేక పప్పుదినుసులు మానేసినవాళ్ళు చాలామంది. అవ్వకు ముందు పళ్ళు లేవు, దవడ పళ్ళు రెండో మూడో. వక్కాకు దంచుకునే చిన్న ఇనుప రోట్లోనే వేయించిన చెనిగింజలు దంచి, పొడి చేసుకుని సంగటిలో అద్దుకునేది. నేను మిక్సీలో వేస్తాను, అంతే తేడా. ఉలవలు మొలక కట్టి ఉడికిస్తాను. గుడ్డు తినేవాళ్ళకు గుడ్డు ఉండనే ఉంది.

ఎండాకాలం ఇంకో తంటా. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. వేసవిలో తిరుపతి నలభై డిగ్రీలు దాటుతుంది, నోరు ఎండే దాకా ఆగితే కళ్ళు తిరుగుతాయి. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషాలు కట్టినవాళ్ళు వీధుల్లో తిరుగుతుంటే ఇళ్ళల్లో అంబలి కాచి పంచుతారు. ఆ వారం మాత్రం ఊరంతా సరిగ్గా తాగుతుంది. మిగతా వేసవికి నేను జాడీలో పలచటి అంబలి పెట్టి, వచ్చేపోయేవాళ్ళందరికీ గ్లాసు చేతిలో పెడతాను. బీపీ ఉన్నవాళ్ళ గ్లాసులో ఉప్పు వేయను, వాళ్ళు ముఖం చిట్లిస్తారు, తాగుతారు.

పోయిన సంక్రాంతికి ముందు మార్కెట్‌లో అనపకాయలు దండిగా వచ్చాయి. బస్తా తీసుకుని మా బృందం మొత్తాన్ని ఇంటికి పిలిచాను. హాల్లో సోఫాలు గోడకు నెట్టి చాపలు పరిచాం. ముందురోజు ఒలవడం, రాత్రి నానబెట్టడం, మర్నాడు పితకడం. గింజలు పితుకుతుంటే పప్పు బ్యాంకు ఆయన కళ్ళజోడుకు తగిలింది, మనవరాలు పడీపడీ నవ్వింది. గంటసేపటికి కండక్టర్ గారి భార్య "నా వల్ల కాదమ్మా, మోకాలు లాగేస్తోంది, కుర్చీ వేయండి" అంది. కుర్చీ వేశాం. ఒడిలో ఒక గిన్నె, చేతికి అందేలా పక్కన నానిన గింజల పళ్ళెం పెట్టి, "మీ వాటా మీరే పితకాలి" అన్నాను. ఆవిడ ఆ గిన్నె అందరికంటే ముందు నింపి, "ఇంకా ఉన్నాయా?" అంది.